మన ఎమ్మెల్యే, మన తెలుగు మాస్టారు, ఒక 40 పేజీల నోట్‌బుక్కు

మన స్కూలు బ్యాచ్ సమ్మేళనం సంచిక కమిటీ తరఫున రేడియో (మనం వాడికి పెట్టుకున్న పేరు అదే) ఫోన్ చేశాడు. గొంతు ఏమీ మారలేదు. "ఒరేయ్, అన్నేళ్ళు అసెంబ్లీలో కూర్చున్నావు. మన సత్తెనపల్లి ఎమ్మెల్యే వావిలాల గోపాలకృష్ణయ్యగారి మీద నువ్వు కాక ఇంకెవరు రాస్తారు? నెలాఖరులోగా పంపు. గొడుగు సంగతి మాత్రం రాయకు, అది గుండుగాడికి ఇచ్చాం" అన్నాడు. గొడుగు సంగతి గుండు రాయడమే న్యాయం. దాని జోలికి వెళ్ళను.

ముందే ఒక మాట చెప్పాలి. వావిలాలగారి మాట ఒక్కటి కూడా నా చేత్తో రాసుకున్నది లేదు. శాసనసభలో సభ్యుల మాటలు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే రిపోర్టరుగా నేను చేరింది 1976లో. ఆయన సభ్యత్వం ముగిసింది 1972లో. నాలుగేళ్ళ తేడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ నాలుగేళ్ళ గురించే బెంగగా ఉండేది. ఎవరి పేరు వింటూ పెరిగానో, ఎవరి కోసం మన మాస్టారు పేపరు చించి గోడకి అంటించేవారో, ఆయన కూర్చున్న సభలోకి ఆయన వెళ్ళిపోయాక వెళ్ళాను. రేడియో అడిగినట్టు "దగ్గరగా చూసినవాడి" వ్యాసం నేను రాయలేను. ఆయన మాటలు చదివినవాడి వ్యాసం రాయగలను. మన బ్యాచ్‌లో అన్ని సంపుటాలు తిరగేసిన వాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

మనం చిన్నప్పుడు ఆయన్ని పెద్ద మనిషని అనుకున్నామా? లేదు. సత్తెనపల్లిలో ఆయన మనూరి మనిషి, అంతే. మోచేతి దాకా ఖద్దరు చొక్కా, చేతిలో గుడ్డసంచి. ఆ సంచి నిండా కాగితాలు. మాచర్ల బండి దిగి నడిచి వస్తుంటే మన వీధి చివర పెద్దవాళ్ళు అరుగుల మీంచి లేచి నిలబడేవాళ్ళు. మనం మాత్రం గోలీలాట ఆపేవాళ్ళం కాదు. ఎమ్మెల్యే అంటే అలాగే ఉంటాడనుకున్నాం. కారుంటుందనీ, వెనక పదిమంది ఉంటారనీ నాకు హైదరాబాదు వెళ్ళాకే తెలిసింది.

ఆయన పుట్టింది మనూళ్ళోనే, 1906 సెప్టెంబరు 17న. ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్ళిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. గ్రంథాలయాలు, విశాలాంధ్ర (తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం), మద్యనిషేధం అంటూ ఊళ్ళు తిరిగారు. జనం ఆంధ్ర గాంధీ అన్నారు. ఇవన్నీ పెద్దయ్యాక పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవి. మన స్కూలు రోజుల్లో నాకు తెలిసిందల్లా ఒకటే: ఏ ఎన్నికలొచ్చినా మన గోడల మీద ఆయన పేరు ఉంటుంది, ఆయనే గెలుస్తాడు. 1952, 1955, 1962, 1967. నాలుగుసార్లు.

ఇక 1966-67 సంగతి. మన ఎస్సెల్సీ, అంటే స్కూలు చివరి సంవత్సరం. అంతకు ముందు ఐదేళ్ళు మనం ఏం చేశామో నాకు నిజంగా గుర్తు లేదు. ఆ ఒక్క ఏడాది మాత్రం రోజువారీగా గుర్తుంది. ఎన్ని జరిగాయో చూడండి. తెలుగుని రాష్ట్ర అధికార భాషగా చేస్తూ 1966లో చట్టం వచ్చింది. అక్టోబరులో విశాఖ ఉక్కు కోసం అమృతరావుగారు నిరాహార దీక్షకి కూర్చున్నారు. నవంబరు 1న విశాఖపట్నంలో కాల్పులు జరిగాయి. ఫిబ్రవరిలో ఎన్నికలు, మార్చిలో మన పరీక్షలు. ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ నీళ్ళు వదిలారు. అప్పటికి మనం సర్టిఫికెట్లు పట్టుకుని తలా ఒక దారిన పోయాం.

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని మనం అరిచిన అరుపులకి పొడుగోడి గొంతు వారం రోజులు పోయింది. స్కూలు మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. తెరిచిన మొదటి రోజు తెలుగు పీరియడ్. చింతచెట్టు గది. మాస్టారు వచ్చారు. హాజరు పిలవలేదు. పుస్తకం తెరవలేదు. కుర్చీలో కూర్చుని కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుని మనందర్నీ ఒకసారి చూశారు.

"అరిచారు. బాగానే అరిచారు. ఇప్పుడు మాట్లాడండి" అన్నారు.

ఏం మాట్లాడాలో మనకి తెలియలేదు. ఆయనే చెప్పారు. రేపటి నుంచి ఈ గది శాసనసభ. విషయం నాగార్జునసాగర్ కుడి కాలువ. కుడివైపు బెంచీలు ప్రభుత్వం, ఎడమవైపు బెంచీలు ప్రతిపక్షం. గుండు స్పీకరు. రేడియో నీటిపారుదల మంత్రి. పొడుగోడు ప్రతిపక్ష నాయకుడు. ఆడపిల్లల బెంచీలు ఏ పక్షమూ కాదు, వాళ్ళు స్వతంత్రులు. "మన ఎమ్మెల్యేగారిలాగా" అన్నారు. అప్పుడు ముందు బెంచీ అమ్మాయి ముఖం ఎలా వెలిగిందో నాకు గుర్తుంది. ఆమెకీ గుర్తుండే ఉంటుంది.

నాకు ఏ పాత్రా ఇవ్వలేదు. పీరియడ్ అయిపోయాక పిలిచారు. సొంత డబ్బుతో కొన్న 40 పేజీల నోట్‌బుక్కు చేతిలో పెట్టి, "నీ దస్తూరీ బాగుంటుంది. నువ్వు మధ్యలో కూర్చో. ఎవరేమన్నారో రాయి. నీకేం తోచిందో నాకక్కర్లేదు. వాళ్ళేమన్నారో అది కావాలి" అన్నారు.

చాలా చిన్నబోయాను. అందరికీ మాట దొరికింది, నాకు కలం దొరికింది అనుకున్నాను.

మూడు మధ్యాహ్నాలు నడిచింది మన సభ. డ్రిల్లు మాస్టారి గంట గుండు చేతికి ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పినా ఎవరూ ఏమీ అనరు, కానీ మాట ఇచ్చాం కనక చెప్పను. మొదటి రోజు అంతా గోలే. నేను కలం ఆపి మాస్టారి వైపు చూశాను. "వినపడలేదా? 'గందరగోళం' అని రాయి" అన్నారు. రాశాను. అసలు సభలోనూ అదే రాస్తారని పదేళ్ళ తరవాత తెలిసింది.

రెండో రోజు కుదురుకుంది. రేడియో నిజంగానే చదువుకుని వచ్చాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నందికొండ దగ్గర సాగర్ ఆనకట్టకి శంకుస్థాపన చేశారనీ, కుడి కాలువ పొడవు 203 కిలోమీటర్లనీ, మన నల్లరేగడి మీద ఇక వరిగా జొన్నా కాదు, వరీ పత్తీ పండుతాయనీ చెప్పాడు. వాళ్ళ నాన్నగారు చెప్పి పంపారని మనందరికీ తెలుసు. అయినా వాడు చెప్పిన తీరుకి బల్లలు చరిచాం. అప్పటికి మన వైపు పొలాలన్నీ మెట్టే కదా. వేసవిలో బావి దగ్గర చేద కోసం పడిగాపులు పడని ఇల్లు ఏది? నీళ్ళొస్తాయంటే మాకు ఆటలో కూడా ఒళ్ళు జలదరించేది.

అప్పుడు పొడుగోడు లేచాడు. ఉక్కు కోసం అరిచి పోగొట్టుకున్న గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. నెమ్మదిగా మాట్లాడాడు. నీళ్ళు మనకొస్తాయి అధ్యక్షా, సంతోషమే, కానీ జలాశయం కింద ఊళ్ళు మునుగుతున్నాయి, పొలాలూ ఇళ్ళూ గుళ్ళూ వదిలి ఆ జనం ఎక్కడికి పోవాలి, నాగార్జునకొండ లోయలో తవ్వకాల్లో బయటపడిన బౌద్ధుల రాళ్ళకి కొండ మీద చోటు చూపించారు, మనుషులకి ఏం చూపించారు అని అడిగాడు.

గది మొత్తం నిశ్శబ్దంగా అయిపోయింది.

ఆ మాటలు నేను రాయలేదు.

వినపడకపోవడం వల్ల కాదు. అప్పటికి పొడుగోడికీ నాకూ మాటల్లేవు. ఎందుకో మీకు తెలుసు, కబడ్డీ. వాడు అంత బాగా మాట్లాడటం నాకు నచ్చలేదు. "ప్రతిపక్ష నాయకుడు కొన్ని అభ్యంతరాలు తెలిపారు" అని ఒక్క ముక్క రాసి పేజీ తిప్పేశాను.

మాస్టారు నోట్‌బుక్కు ఇంటికి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున్న ప్రార్థనకి ముందే నన్ను చింతచెట్టు కిందికి పిలిచారు. నోట్‌బుక్కు తెరిచి ఆ పేజీ చూపించారు. ఎర్రసిరాతో ఒక్క గీత కూడా లేదు. వేలు మాత్రం ఆ వాక్యం మీద పెట్టారు.

"ఇక్కడ ఇంకా కొన్ని మాటలుండాలే?"

నేను మాట్లాడలేదు.

"మీ ఇద్దరికీ పడదని నాకు తెలుసు. తెలిసే నీకు ఈ పని ఇచ్చాను."

అంతే అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. కాస్సేపు ఆగి, సభలో మాట్లాడిన మనిషి ఇంటికెళ్ళిపోతాడు, ఓడిపోతాడు, చచ్చిపోతాడు, రాసుకున్నవాడి దగ్గరే ఆ మాట మిగులుతుంది అని చెప్పారు. మన ఎమ్మెల్యేగారికి పార్టీ లేదు, ఆయన మాట పట్టుకుని ఊరూరా చెప్పే జెండా లేదు, ఎవడో ఒక గుమస్తా నిజాయితీగా రాసుకుంటున్నాడు కనకే ఆ మాట నిలుస్తోంది అన్నారు. తరవాత నన్ను పొడుగోడి దగ్గరికి పంపారు. వెళ్ళి, "నిన్న నువ్వన్నది మళ్ళీ చెప్పు, రాసుకుంటాను" అని అడిగాను. వాడు నన్ను పైనుంచి కిందికి చూసి, మెట్టు మీద కూర్చుని, ఒక్కొక్క వాక్యమే చెప్పాడు. ఆ నోట్‌బుక్కులో ఆ నాలుగు పంక్తులు మార్జిన్‌లో ఇరికించి ఉంటాయి. మా మాటలు కలిసింది ఆ మెట్టు మీదే. అమెరికా నుంచి వాడు పోయిన సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు కూడా ఆ సంగతి ఎత్తాడు.

పరీక్షలు, పీయూసీ, డిగ్రీ, ఖాళీగా ఉన్న రోజులు, గుంటూరులో ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి తెలుగు టైపు, తెలుగు షార్ట్‌హ్యాండ్ లోయరూ హయ్యరూ పాసవడం, ఇవన్నీ వదిలేస్తున్నాను. చెప్పుకోదగ్గవి కావు. ఒక్కటి చెబుతాను. 1974లో అధికార భాషా సంఘం వేసినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు వావిలాలగారే. ఆఫీసుల్లో తెలుగు టైపు మిషన్లు ఉండాలి, తెలుగులో ఫైళ్ళు నడవాలి అని ఆయన తిరుగుతున్న రోజుల్లోనే నేను తెలుగు షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాను. అప్పటిదాకా ఇంగ్లీషు షార్ట్‌హ్యాండ్ వచ్చినవాడికే ఉద్యోగమని మా నాన్న పోరు. 1976లో నియామక పత్రం తెలుగులో వచ్చింది. దాన్ని మా నాన్న మూడుసార్లు చదివించుకున్నాడు.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ పక్కన ఆ తెల్లటి పాత భవనం లోపలికి మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు మన చింతచెట్టు గదే గుర్తొచ్చింది. కుడివైపు వాళ్ళు, ఎడమవైపు వాళ్ళు, ఎత్తు మీద స్పీకరు. మధ్యలో, స్పీకరు ముందు, రిపోర్టర్ల బల్ల. సభ మొత్తంలో ఎవరి పక్షమూ కాని బల్ల అది. ఒక్కొక్కరం కొన్ని నిమిషాలు రాసుకుని లేస్తాం, ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. లేచినవాళ్ళం బయటికెళ్ళి ఆ గీతల్ని మాటలుగా టైపు చేయాలి. తెలుగుకి మేము, ఇంగ్లీషుకి వేరేవాళ్ళు, ఉర్దూకి వేరేవాళ్ళు. ఒకే సభ్యుడు ఒకే ఊపులో మూడు భాషలూ కలిపి మాట్లాడేస్తే ముగ్గురం కళ్ళతోనే సైగలు చేసుకునేవాళ్ళం.

32 ఏళ్ళు ఆ బల్ల దగ్గర పనిచేశాను. చివర్లో బల్ల దగ్గర కూర్చోవడం తగ్గి, పిల్లలు రాసుకొచ్చినవి దిద్దే పని వచ్చింది. 1978లో పుచ్చలపల్లి సుందరయ్యగారు గన్నవరం నుంచి మళ్ళీ గెలిచి వచ్చినప్పుడు ఆయన చెప్పే అంకెలు తప్పు పోకుండా రాసుకోవడానికి చేతులు చల్లబడేవి. 1983లో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రిగా వచ్చాక సభలో తెలుగు నిండిపోయింది, మా బల్లకి పని పెరిగింది. ఇవి చెప్పుకోవడం నాకు సంతోషం. మనూరి స్కూల్లో చదివినవాడు అక్కడ కూర్చున్నాడని మీకూ సంతోషమే అనుకుంటాను.

ఒకసారి ఒక సభ్యుడు మా గదికి వచ్చారు. పేరు చెప్పను. అంతకు ముందు రోజు సభలో ఆయన్ని ఎదుటివాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటి ఆయనకి ఇబ్బందిగా ఉంది. "అది కాస్త మెత్తగా రాయండి, ఎవరు చూస్తారు" అన్నారు. మర్యాదగానే అడిగారు, కుర్చీ కూడా లాక్కుని కూర్చున్నారు. రికార్డులోంచి మాట తీసెయ్యాలంటే స్పీకరుగారే చెప్పాలండీ, మా చేతుల్లో లేదు అన్నాను. నా చేతులు బల్ల కింద వణుకుతున్నాయి. బదిలీల కాలం, పిల్లల స్కూళ్ళు, టెన్షన్ లేకుండా ఎలా ఉంటుంది. కానీ ఆ క్షణంలో కళ్ళముందు కనిపించింది ఆ పేజీ మీద మాస్టారి వేలు. ఆ సభ్యుడు తరవాత నాతో మాట్లాడలేదు. ఆ ప్రశ్న మాత్రం అచ్చులో ఉంది.

ఇప్పుడు వావిలాలగారి దగ్గరికి వస్తాను. రేడియో, నువ్వు అడిగింది ఇదే కదా.

సమావేశాలు లేని నెలల్లో మాకు కాస్త తీరిక ఉండేది. అసెంబ్లీ లైబ్రరీలో పాత చర్చల సంపుటాలు ఉంటాయి, బైండు చేసి. చివర్లో పేర్ల సూచిక. మొదటి ఏడాదే ఆ సూచికలో 'వ' దగ్గరికి వెళ్ళాను. తరవాత చాలా ఏళ్ళు, తీరిక దొరికినప్పుడల్లా, సంపుటం వెంట సంపుటం, అదే పేరు వెతుక్కుంటూ చదివాను. సెలవు పెట్టి కూడా చదివాను. ఇంట్లో నవ్వేవాళ్ళు.

అప్పుడు నాకు తట్టిన మొదటి సంగతి ఇది. ఆ మనిషి ఒక రాష్ట్రంలో ఎమ్మెల్యే అయ్యి, సీటు మారకుండానే ఇంకో రెండు రాష్ట్రాల సభల్లో కూర్చున్నారు. 1952లో గెలిచి మద్రాసు వెళ్ళారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మన వైపు సభ్యులు కర్నూలుకి వచ్చారు. గుడారాల్లో ఆఫీసులు నడిచిన రాజధాని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది, సభ హైదరాబాదుకి చేరింది. 1955లో ఎన్నికైన మన వైపు సభ్యులు 1962 దాకా కొనసాగారు కనక ఆ ఒక్క గెలుపుకే ఏడేళ్ళు. సత్తెనపల్లి నుంచి ఆ గుడ్డసంచి మూడు రాజధానులు తిరిగింది. విశాలాంధ్ర కావాలని తిరిగిన మనిషి, ఆ రాష్ట్రం పుట్టినప్పుడు ఆ సభలోనే ఉన్నారు.

కర్నూలు సంపుటాల్లో 1954 నవంబరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మద్యనిషేధం విషయం మీద ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయిన రోజులవి. మనం నాలుగేళ్ళ పిల్లలం అప్పటికి. మళ్ళీ 1995లో సంపూర్ణ మద్యనిషేధం చట్టం సభకి వచ్చినప్పుడు బల్ల దగ్గర నేనున్నాను. అప్పటికి వావిలాలగారికి 88 ఏళ్ళు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచినప్పటి నుంచి ఆ వయసులో కూడా మద్యనిషేధం అంటూనే ఉన్నారు. రాసుకుంటున్నంతసేపూ నా చేతికింద రెండు కాలాలు కనిపించాయి. 1954లో ఆ మాటలు రాసుకున్న చెయ్యి ఎవరిదో అనుకున్నాను. సంపుటంలో రిపోర్టరు పేరు ఉండదు.

రెండో సంగతి ఉద్యోగంలో ఉన్నవాడికే తెలుస్తుంది. సభలో మాట్లాడే టైము పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. ఎక్కువమంది ఉన్న పార్టీకి ఎక్కువ నిమిషాలు. స్వతంత్రుడికి చివర్లో మిగిలినవి. గంట కొట్టేలోగా చెప్పింది చెప్పాలి. కనక స్వతంత్రుడు బతకాలంటే ప్రశ్నల్లో బతకాలి. నక్షత్రం గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్న వెయ్యొచ్చు. అక్కడ పార్టీ బలం పనిచేయదు, ముందు రాత్రి చదువుకున్న కాగితం పనిచేస్తుంది. బడ్జెట్ పద్దుల మీద కోత తీర్మానం, అంటే ఆ పద్దు తగ్గించమనే తీర్మానం ఇస్తే ఇంకో రెండు నిమిషాలు. ఆ గుడ్డసంచిలో కాగితాలెందుకో నాకు ఆ లైబ్రరీలోనే అర్థమైంది. మన వీధి చివర గోలీలాడుకుంటూ మనం చూసిన సంచి అది.

20 ఏళ్ళు సభలో ఉండి ఆయన మంత్రి కాలేదు. కావాలని తిరగలేదు కూడా. ఈ మాట హైదరాబాదులో చెబితే "అయితే ఏం సాధించినట్టు" అని అడిగినవాళ్ళున్నారు. నాకు కోపమొచ్చేది. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని మన జిల్లాల నుంచి ఎంతమంది ఎన్నేళ్ళు తిరిగారు! ముక్త్యాల రాజాగారు ఆస్తులు ఖర్చుపెట్టి తిరిగారు. అక్కడ కట్టొచ్చో లేదో చూడటానికి ఖోస్లా కమిటీ వచ్చింది. వావిలాలగారు సభ లోపలా బయటా అదే పాట పాడారు. 1967 ఆగస్టులో నీళ్ళు వదిలినప్పుడు గేటు మీద ఆయన పేరు లేదు. మా పొలంలోకి తడి వచ్చినప్పుడు మా నాన్న చెప్పులు విప్పి దిగాడు. నాకు ఆయన సాధించింది అదీ.

1972 తరవాత ఆయన మళ్ళీ సభకి రాలేదు. భాషా సంఘం పని చేశారు, పుస్తకాలు రాశారు, తిరిగారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది. అప్పుడు మా బల్ల దగ్గర నేను పంచిన స్వీట్లు చాలామందికి ఎందుకో తెలియలేదు. 2003 ఏప్రిల్ 29న పోయారు, 96 ఏళ్ళ వయసులో. మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి 1962 సంపుటం తీసి ఒక పేజీ చదువుకుని బల్ల దగ్గరికి వెళ్ళాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

మన మాస్టారు అంతకు చాలా ముందే పోయారు. నాకు ఉద్యోగం వచ్చాక ఒక్కసారి వెళ్ళి కనిపించాను. అప్పటికి చూపు తగ్గింది. "ఏ పక్షం?" అని అడిగారు. "మధ్య బల్ల మాస్టారూ" అన్నాను. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చూపుడువేలు దగ్గర కలం ఒరిపిడికి కాసిన కాయని తడిమి చూశారు. ఆ రోజు సంగతి ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. సంచికలో రాస్తున్నాను కనక మీ అందరికీ తెలుస్తోంది.

మా మనవడు ఈమధ్య అడిగాడు, తాతా నువ్వు అసెంబ్లీలో ఏం మాట్లాడేవాడివి అని. ఏమీ మాట్లాడలేదురా, 32 ఏళ్ళు విన్నాను అన్నాను. వాడికి అది గొప్పగా అనిపించలేదు. నాకు ఇంతకంటే గొప్ప ఉద్యోగం దొరికేది కాదు.

నోట్‌బుక్కు నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది, సిరా గోధుమరంగుకి తిరిగింది. సమ్మేళనం రోజు తెస్తాను, అద్దాల బీరువాలో పెట్టండి, చేతులు తడి చేసుకుని తిప్పకండి. గుండు స్పీకరుగా ఇచ్చిన రూలింగులు మూడున్నాయి. పొడుగోడి మాటలు మార్జిన్‌లో ఉన్నాయి.

చివరి పేజీలో మూడో రోజు సభ. ముందు బెంచీ అమ్మాయి, స్వతంత్ర సభ్యురాలు, అనుబంధ ప్రశ్న వేసింది: "కాలువ తలలో ఉన్నవాళ్ళకి నీళ్ళు ఎలాగూ అందుతాయి. చివరి పొలానికి ఎప్పుడు అందుతాయో మంత్రిగారు తేదీ చెప్పగలరా?" రేడియో లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. అప్పుడే లాంగ్ బెల్ కొట్టారు. "మంత్రి:" అని రాసి ఆగిపోయాను. పక్కన రెండు పంక్తులు ఖాళీగా ఉన్నాయి. ఆమె నీటిపారుదల శాఖలోనే ఇంజనీరుగా చేసి రిటైరైంది, తప్పకుండా వస్తానంది. రేడియో, నేను కలం తెస్తున్నాను. నువ్వు జవాబు తీసుకురా.